పాత కంప్యూటర్లు – లినక్సు – మన కర్తవ్యం

2025 అక్టోబరు 14వ తేదీన విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు ముగిసినది. రుసుము చెల్లించి కొంత కాలం పొడిగించుకొనే ఏర్పాటు ఉన్నప్పటికీ అది వాయిదాయే గాని పరిష్కారం కాదు. తరువాతిదైన విండోస్ 11 నడవవలెనన్న యంత్రంలో టీ.పీ.ఎం. 2.0 అనే భద్రతా భాగం ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరు అయినచో సుమారుగా ఎనిమిదవ తరం, అనగా 2017 తరువాతిది కావలెను. ఈ వార్త పత్రికలలో రెండు రోజులు కనిపించి మరుగున పడినది. కాని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలోని మన వంటి కళాశాలలకు అది పాత వార్త కాదు. మన ప్రయోగశాలలో గోడ వారగా వరుస తీరి ఉన్న కంప్యూటర్లను చూచిన వారెవరికైనా ఆ సంగతి బోధపడుతుంది.

వీటిని తుక్కు క్రింద వేలం వేసి, వచ్చిన కొద్దిపాటి సొమ్ముకు మరి కొంత కలిపి నాలుగైదు కొత్త యంత్రాలు కొనుట మేలని కమిటీ పెద్దలలో కొందరు తలచుచున్నారు. వారి ఉద్దేశం మంచిదే. అయినను ఆ నిర్ణయం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం. ఈ యంత్రాలలో అధిక భాగం లినక్సు వేసుకొని ఇంకను కొన్ని సంవత్సరాలు పని చేయగలవు. అంతకన్న ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. వాటిని పని చేయించుట అనే ప్రయత్నంలో మన విద్యార్థులు నేర్చుకొనేది కొత్త యంత్రం ముందు కూర్చొని నేర్చుకొనేదానికన్న ఎక్కువ.

లినక్సు పుట్టుక కూడ ఒక విద్యార్థి గదిలోనే జరిగినది. ఫిన్లాండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తాను తన 386 యంత్రం కొరకు ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టం వ్రాస్తున్నానని ప్రకటించినాడు. అంతకు పూర్వమే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించిన గ్నూ ప్రయత్నం వలన సమకూరిన పనిముట్లు దానికి తోడైనవి. ఈ కథ సభలలో పలుమార్లు విన్నదే గనుక విస్తరించను. అయితే సభలలో చెప్పని భాగం ఒకటి కలదు. ఏ 386 మీద లినక్సు పుట్టినదో ఆ 386కే 2013లో వెలువడిన 3.8వ కెర్నెల్‌తో లినక్సు స్వస్తి చెప్పినది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల సాధారణ యంత్రాలకు స్థాపక ప్రతియే లేదు. కనుక "లినక్సు ఎంత పాత యంత్రం మీదనైనా నడుస్తుంది" అనే మాట సగమే నిజం. ఉత్సాహవంతులు ఈ సగం నిజాన్ని పూర్తి నిజంగా ప్రచారం చేసి, తరువాత యంత్రం మొరాయించినప్పుడు తప్పుకొనుట వలననే లినక్సుకు కొంత అపకీర్తి వచ్చినదని నాకు తోస్తుంది.

కాబట్టి మొదట చేయవలసినది వర్గీకరణ. 2006 నుండి వచ్చిన కోర్ 2 డుయో మొదలు ఆ పైవన్నీ 64 బిట్లవే, వీటికి బెంగలేదు. అంతకు ముందటి పెంటియం 4లలో పెక్కు 32 బిట్లవి. వీటికి డెబియన్ 12 వంటి వెనుకటి ప్రతులు వేయవచ్చును గాని దానికి కూడ దీర్ఘకాల మద్దతు 2028 జూన్ వరకే. వీటిని విప్పి భాగాలు చూపుటకు వాడుకొనుట ఉత్తమం. కెపాసిటర్లు ఉబ్బిపోయిన మదర్‌బోర్డులను, కాలిన ఎస్.ఎం.పి.ఎస్.లను పట్టుకొని వ్రేలాడవలసిన పని లేదు. అయితే వాటిని సైకిలు మీద వచ్చే పాత సామాను వర్తకునికి తూచి ఇచ్చుట మాత్రం తగదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన పునర్వినియోగ కేంద్రాలకే అప్పగించవలెను. సీసం, పాదరసం కలిసిన తుక్కును కాల్చి రాగి తీసే పని ఏ పేదవాని పెరట్లో జరుగుతుందో మనకు తెలియనిది కాదు. ఫ్లోరైడు నీటితో తరాలు నలిగిన జిల్లా వారమైన మనకు నేలలోనికి దిగే విషాన్ని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మిగిలిన యంత్రాల సంగతి. మన మెట్ట ప్రాంతపు రైతు ఎవరైనా బోరు నుండి నీళ్ళు రాకపోతే వెంటనే క్రేను తెప్పించి పైపులు పైకి లాగడు. మొదట మూడు ఫేజులు వస్తున్నవా అని చూస్తాడు, ఫ్యూజు చూస్తాడు, స్టార్టరు చూస్తాడు, కేబులు చూస్తాడు. మోటారు మోత విని అది నీళ్ళను లాగుతున్నదో, ఊరక తిరుగుతున్నదో చెప్పగలడు. ఇవన్నీ అయిన తరువాతనే ఖర్చుతో కూడిన పనికి పూనుకొంటాడు. ఆ రైతు కుమారుడు మన కళాశాలలో కంప్యూటరు మొరాయించగానే "మళ్ళీ ఫార్మాటు కొడదాము" అంటున్నాడు! తండ్రికి ఉన్న శాస్త్రీయ దృష్టి కుమారునికి ఎక్కడ జారిపోయినదో ఆలోచించవలసిన విషయం. ఉర్దూలో తష్‌ఖీస్ అనే చక్కని మాట ఉన్నది. హకీము నాడి పట్టి రోగం ఏదో తేల్చుకొనుటకే ఆ పేరు. తష్‌ఖీస్ లేకుండ ఇలాజ్ చేసే వానిని గూర్చి "నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్" అన్న లోకోక్తి మన ఇండ్లలో అందరూ ఎరిగినదే.

లినక్సులో నాడి పట్టుటకు వలసిన సాధనాలన్నీ ఉచితంగా యంత్రంలోనే ఉన్నవి. కెర్నెల్ తనకు కనిపించిన ప్రతి సంగతిని ఒక చిట్టాలో వ్రాసుకొంటుంది. డీమెస్గ్, జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశాలతో దానిని చదువవచ్చును. ఎల్.ఎస్.పీ.సీ.ఐ. అనే ఆదేశం ఏ కార్డు ఎవరి తయారీయో, దానికి ఏ డ్రైవరు తగిలినదో చెప్పుతుంది. రోగి తన బాధను తానే చెప్పుకొంటూ ఉండగా వినుటకు మనకు ఓపిక లేకుంటే ఎట్లు?

కొన్ని ఉదాహరణలు ఇచ్చెదను. ఒక యంత్రంలో బ్రౌజరు తెరువగానే ప్రతి చోట "ఈ స్థలం సురక్షితం కాదు" అని వస్తుంది. విద్యార్థి నెట్టు లేదంటాడు, మరొకడు వైరసంటాడు. గడియారం చూస్తే 2009 అని చూపుతున్నది. మదర్‌బోర్డు మీది సీ.ఆర్. 2032 సెల్లు అయిపోయినందున విద్యుత్తు పోయినప్పుడెల్ల తేదీ వెనుకకు పోవుచున్నది. భద్రతా పత్రాలన్నిటికీ ఆరంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి గనుక 2009లో ఉన్న యంత్రానికి నేటి పత్రాలేవీ చెల్లవు. లినక్సు నెట్టు నుండి సమయం సరిచేసుకొంటుంది గదా అనవచ్చును. కళాశాల నెట్టులో లాగిన్ అయ్యేదాక అది సాధ్యపడదు, ఆ లాగిన్ పుటయే తెరుచుకొనదు. చిన్న సెల్లు ఒకటి మార్చినచో ముగిసే వ్యాధికి ఆపరేటింగ్ సిస్టం మొత్తం తిరిగి వేసిన సందర్భాలు లేకపోలేదు.

స్విచ్చి వేయగానే బీప్, బీప్ అని అరచి ఊరకుండే యంత్రాలలో చాల వాటికి ర్యాము కాళ్ళ మీద పట్టిన చిలుము కారణం. తీసి పెన్సిలు రబ్బరుతో మెల్లగ రుద్ది తిరిగి బిగించుట ప్రతి మెకానిక్కు తెలిసిన కిటుకు. లినక్సు వేసిన తరువాత తెర నల్లబడినచో గ్రబ్ పట్టికలో నోమోడ్‌సెట్ అనే మాట చేర్చి చూచుట మంచిదే గాని అది ఊతకర్ర మాత్రమే. దానితో గ్రాఫిక్సు డ్రైవరును ప్రక్కన పెట్టి నడుస్తున్నామని మరువరాదు. వై-ఫై పని చేయని లాప్‌టాప్‌కు ఫర్మ్‌వేర్ దిగుమతి చేయవలెనన్న నెట్టు కావలెను, నెట్టు కావలెనన్న ఫర్మ్‌వేర్ కావలెను. ఈ చిక్కుముడి విప్పుటకు విద్యార్థి జేబులోని సెల్‌ఫోను, ఒక తీగ చాలును. యూ.ఎస్.బి. టెథరింగును లినక్సు దాదాపు ఎల్లప్పుడు గుర్తిస్తుంది. డెబియన్ వారు 2022లో సభ్యుల ఓటు తీసికొని అటువంటి ఫర్మ్‌వేరును స్థాపక ప్రతిలోనే చేర్చుటకు నిర్ణయించిన తరువాత 2023 నాటి 12వ ప్రతి నుండి ఈ బాధ చాల వరకు తగ్గినది.

అన్నిటికన్న ఎక్కువ వినవచ్చే ఫిర్యాదు "నెమ్మది". ఇక్కడ కొంత నిలిచి ఆలోచింతము. నెమ్మది అనేది వ్యాధి కాదు, లక్షణం. జ్వరం వంటిది. ర్యాము చాలక పోవచ్చు. డిస్కు చావుకు దగ్గర పడి ఉండవచ్చు. ప్రాసెసరు వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకొని ఉండవచ్చు. మూడింటికి చికిత్స వేరు. ఫ్రీ అనే ఆదేశంలో అందుబాటులోని జ్ఞాపకం అడుగంటి స్వాపు నిండుతూ కనిపిస్తే మొదటిది. స్మార్ట్‌సీటీఎల్ పట్టికలో పెండింగు సెక్టార్లు వారం వారం పెరుగుతూ, కెర్నెల్ చిట్టాలో ఐ.ఓ. దోషాలు కనిపిస్తే రెండవది. అట్టి డిస్కును ట్యూనింగు చేయుట శవానికి అలంకారం చేయుట వంటిది. మధ్యాహ్నం రెండు గంటలకు నెమ్మదించి ఉదయం చురుకుగా ఉండేది సాధారణంగా మూడవది. ఎండ 45 డిగ్రీలను తాకే మన వేసవిలో, ఫ్యాను రెక్కల నిండ ధూళి పేరుకొని, ప్రాసెసరు మీది పూత ఎండి పెచ్చు కట్టిన యంత్రం ఏమి పరుగెత్తగలదు? ఒక కుంచె, కొంచెం థర్మల్ పేస్టు ఆ పని చేస్తవి.

ర్యాము విషయంలో ఒక భ్రమ తొలగించుకొనవలెను. తేలికైన డెస్కుటాప్ అని ఎక్స్.ఎఫ్.సీ.ఈ.ని, ఎల్.ఎక్స్.క్యూ.టీ.ని ఎంచుకొనుట సరియైనదే. కాని 2 జీబీల యంత్రంలో వందల మెగాబైట్లు మిగిల్చినంత మాత్రాన బ్రౌజరులో నాలుగు పుటలు తెరువగానే ఆ మిగులు హరించుకొని పోతుంది. నేటి బరువంతా బ్రౌజరులో ఉన్నది. ఇచ్చట జెడ్‌ర్యామ్ అనే ఏర్పాటు ఉపకరిస్తుంది. ఊరక పడి ఉన్న పుటలను డిస్కుకు పంపక ర్యాములోనే కుదించి దాచుట దాని విధానం. అయితే, స్వాపినెస్ విలువను 60 నుండి 10కి తగ్గించండని ఎవరో ఎప్పుడో వ్రాసిన సలహాను మన వారు మంత్రం వలె జపిస్తున్నారు. తిరిగే డిస్కు మీద స్వాపు ఉన్న రోజులలో దానికి అర్థం ఉన్నది. జెడ్‌ర్యామ్ వాడుతున్నప్పుడు విలువను పెంచుటయే ఉచితం. అందుకొరకే 2020లో వచ్చిన 5.8వ కెర్నెల్ నుండి దానిని 200 వరకు అనుమతించినారు. ఒకరి మందుచీటీ మరొకరికి పనికిరాదు. ఈ సవరణలన్నీ ఒక ఎత్తు, తిరిగే డిస్కును తీసి చిన్న ఎస్.ఎస్.డి. వేయుట ఒక ఎత్తు. సికింద్రాబాదు సి.టి.సి. నుండి తెప్పించిన సామాన్యమైన ఎస్.ఎస్.డి. కోర్ 2 డుయోకు చేసే మేలును ఏ ట్యూనింగూ చేయలేదు. కమిటీ వారు డబ్బు ఖర్చు చేయదలచిన చోటు అది.

విద్యుత్తును గూర్చి ఒక్క మాట. ఈ.ఎక్స్.టీ.4 ఫైలు వ్యవస్థ తన జర్నల్ సహాయంతో హఠాత్తుగా కరెంటు పోయినను నిలదొక్కుకొంటుంది. కాని భద్రపరచని వ్యాసాన్ని అది తెచ్చి ఇవ్వలేదు. యు.పి.ఎస్.లో బ్యాటరీ చచ్చి ఉన్న సంగతి కరెంటు పోయిన నాడే తెలియుట మన సంప్రదాయమైనది.

ఇక భాషల విషయం. నన్ను ఈ వ్యాసానికి పురికొల్పినది ఇదే. మన వార్షిక సంచిక రెండు భాషలలో వెలువడుతుంది. ఇటువంటి సంచికల ఉర్దూ భాగాన్ని 1994లో వచ్చిన ఇన్‌పేజిలో, తెలుగు భాగాన్ని అను ఫాంట్లలో కూర్చుట ఏనాటి నుండియో అలవాటు. రెండును విండోస్‌ను ఆశ్రయించినవే. ఆ పాత అను ఫైళ్ళను ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని రోమను అక్షరాల గుట్ట కనిపిస్తుంది. అవి యూనికోడ్ కావు గదా. మన పూర్వ విద్యార్థులు వ్రాసిన కవితలు, వ్యాసాలు ఇట్లు తెరుచుకొనని ఫైళ్ళలో బందీలైనవి. యంత్రం పాతబడుట కన్న అక్షరం చదువరాకుండ పోవుట పెద్ద నష్టమని నేను భావిస్తాను.

లినక్సులో ఈ రెండు లిపులను తెరమీద దిద్దే పనిముట్టు ఒక్కటే. దాని పేరు హార్ఫ్‌బజ్. మన ఉర్దూ విద్యార్థులు ఈ పేరు వినగానే చిరునవ్వు నవ్వుతారు. అది పారశీకంలోని హర్ఫ్, బాజ్ అనే మాటల కూర్పు. అక్షరం, తెరచినది అని అర్థం. ఓపెన్‌టైప్ అనే పేరుకు అనువాదం. ఇరాను సంతతికి చెందిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ దాని ప్రధాన నిర్మాత. తెలుగులో క్రింది వత్తును, ప్రక్క గుణింతాన్ని ఏ చోట ఉంచవలెనో, నస్తాలీఖ్‌లో పదం మొదలు ఎంత ఎత్తున ఆరంభమై ఎంత ఏటవాలుగా దిగవలెనో అదే నిర్ణయిస్తుంది. ఫైర్‌ఫాక్సు, లిబ్రె ఆఫీసు, ఆండ్రాయిడ్ ఫోను అన్నిటిలో ఉన్నది అదే. తెలుగు వాడు, ఉర్దూ వాడు తెలియకుండగనే ఒకే పనిముట్టును వాడుకొంటున్నారన్న మాట.

అక్షరాకృతులకు కూడ కొరత లేదు. ఉర్దూకు 2014 నుండి నోటో నస్తాలీఖ్ ఉచితంగా లభిస్తున్నది. తెలుగులో స్వేచ్ఛగా వాడుకొనదగిన ఫాంట్లలో ఒకదాని పేరు సురవరం. గోలకొండ పత్రికను 1926లో స్థాపించి నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు అది. ఆయన పాలమూరు జిల్లా వారు, తెలుగుతో పాటు ఉర్దూ, పారశీక భాషలు ఎరిగిన వారు. 1922లోనే నీలగిరి పత్రిక వెలువడిన పట్టణం నల్లగొండ. ఇటువంటి సీమలో రెండు భాషల సంచికను స్వేచ్ఛా పనిముట్లతో కూర్చలేకపోవుటకు కారణం కనిపించదు. టైపింగుకు తెలుగులో ఇన్‌స్క్రిప్టు కీబోర్డు, రెండు భాషలకూ ఉచ్చారణ పద్ధతి కీబోర్డులు ఉన్నవి. పుటల కూర్పుకు 2024 ఆరంభంలో వచ్చిన స్క్రైబస్ 1.6 చాలును. కష్టాలు లేవని కాదు. నస్తాలీఖ్ పంక్తికి ఎత్తు ఎక్కువ కావలెను. మెనూలలో అది పైనా క్రిందా తెగిపోతుంది. ఇన్‌పేజి అక్షరపు సొగసుకు అలవాటు పడిన కంటికి కొంత కాలం లోటు తోస్తుంది. ఉర్దూ శాఖ వారు ఈ విషయంలో పట్టుదలకు పోతే వారిని తప్పు పట్టను.

లినక్సు నేర్చిన వానికి ఉద్యోగం ఏదీ అని అడిగే వారున్నారు. సర్వర్ల లోకమంతా దాని మీదనే నడుస్తున్నదని వారికి జవాబు. అయితే బీ.కాం. విద్యార్థికి టాలీ కావలెను, అది విండోస్ మీదనే సహజంగా నడుస్తుంది. కార్యాలయంలోని వేలిముద్ర యంత్రాలకు, డిజిటల్ సంతకాల పరికరాలకు తరచు విండోస్ డ్రైవర్లే వస్తవి. కనుక కొత్తగా కొనే యంత్రాలలో కొన్నిటిని సక్రమమైన లైసెన్సుతో అందుకొరకు ఉంచవలసినదే. దొంగ ప్రతి వేసుకొని నీతి పాఠం చెప్పుట మాత్రం మైనారిటీ విద్యాసంస్థకు గాని మరే సంస్థకు గాని శోభించదు.

ఇది మన ఒక్కరి సాహసం కాదు. 2005లో హైదరాబాదు కేంద్రంగా ఆరంభమైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో మెనూలు కనిపించే లినక్సును రూపొందించినది, కళాశాలలలో శిక్షణలు జరిపినది. కేరళలో ప్రభుత్వ పాఠశాలలు ఏండ్ల తరబడి తమ సొంత లినక్సు ప్రతిని వాడుతున్నవి. అక్కడ ఆ పని నిలబడుటకు ఉపాధ్యాయులకు ముందుగా నేర్పుటయే ముఖ్య కారణమని నా నమ్మకం. సీడీలు పంచి చేతులు దులుపుకొన్న చోట నిలబడలేదు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగినప్పుడు, 2018లో సెలైను సీసాలు కట్టి మందు ఎక్కించినారు. చూచి నవ్విన వారున్నారు. చెట్టు నిలిచి ఉన్నది.

కమిటీ పెద్దలకు నా మనవి ఇది. వేలం ప్రకటన వెలువడక ముందు రెండు యంత్రాలను ఒక నెల పాటు విద్యార్థులకు అప్పగించండి. ఒకదానికి శుభ్రత, కొత్త సెల్లు, లినక్సు మాత్రమే. రెండవదానికి అదనంగా ఒక ఎస్.ఎస్.డి. ప్రతి యంత్రానికి ఒక రిజిస్టరు పెట్టి, కనిపించిన లక్షణం, చూచిన చిట్టా, చేసిన మార్పు, ఫలితం ఉర్దూలోను తెలుగులోను వ్రాయించండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెను, లేనిచో దేనివలన బాగైనదో తెలియదు. నెల గడచిన తరువాత ఆ రిజిస్టరు చదివి నిర్ణయించండి. ప్రింటరును మాత్రం ఈ పరీక్షలో కలుపవద్దు. చౌక లేజరు ప్రింటర్లలో కొన్ని పోస్ట్‌స్క్రిప్టు వంటి బహిరంగ భాషలను ఎరుగక తయారీదారు సొంత భాషలోనే మాట్లాడుతవి. మన దగ్గర ఉన్నది ఆ కోవకు చెందినదే, దాని సంగతి వేరుగా చూడవలసి ఉన్నది.